ఇస్త్రీపెట్టెలు ఎగిరిన అంతరిక్షం

1978లో అమెరికాలో పదమూడు నిమిషాల సినిమా ఒకటి వచ్చింది. అందులో అంతరిక్ష నౌకలకు బదులు ఇస్త్రీపెట్టెలు, టోస్టర్లు ఎగురుతాయి. చిట్టి రోబో స్థానంలో ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ ఉంటుంది. రాజకుమారి చెవుల మీది కొప్పులు నిజం బన్నులు. పేలిపోయే గ్రహం ఒక బాస్కెట్‌బాల్. పేరు ‘హార్డ్‌వేర్ వార్స్’. తీసినవాడు ఎర్నీ ఫోసిలియస్, ఖర్చు సుమారు 8,000 డాలర్లు. అంతకు ముందు ఏడాదే విడుదలైన ‘స్టార్ వార్స్’ మీద ఇది వెక్కిరింపు. ఆ సినిమా తీసిన జార్జ్ లూకాస్ మాత్రం కోపగించుకోలేదు సరికదా, తన సినిమా మీద వచ్చిన పేరడీల్లో తనకు ఇష్టమైనది ఇదేనని తర్వాతెప్పుడో చెప్పాడు.

అప్పటికీ ఇప్పటికీ పరికరాల్లో పోలికే లేదు. ఇంట్లో ఉన్న కంప్యూటరు, ఉచితంగా దొరికే బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేరు, కాస్త ఓపిక ఉంటే ఆనాటి స్టూడియోలు ఈర్ష్యపడే అంతరిక్ష యుద్ధం తీయొచ్చు. తీస్తున్నారు కూడా. అయినా అభిమానులు తీసే ఫ్యాన్ ఫిల్మ్‌ల ప్రస్తావన వస్తే ఇస్త్రీపెట్టెలే గుర్తుకొస్తాయి. నిరుడు చూసిన, అచ్చం అసలు సినిమాలాగే ఉన్న అరగంట చిత్రం పేరు కూడా గుర్తుండదు. అచ్చం అసలులాగే ఉండటమే దాని ఇబ్బంది. అసలుది చేతిలో ఉండగా నకలును ఎవరు దాచుకుంటారు? అభిమాని సినిమా విలువ ఎక్కడుందో వెతకాలంటే ఈ చిక్కు దగ్గరే మొదలుపెట్టాలి.

వేరొకరి సొత్తైన కథాలోకాన్ని, పాత్రలను తీసుకుని, లాభం ఆశించకుండా అభిమానులు తీసుకునే సినిమానే ఫ్యాన్ ఫిల్మ్ అంటున్నాం. ప్రేమకథలకూ కుటుంబ కథలకూ అభిమానులు కోకొల్లలు. కానీ వాళ్లు కెమెరా పట్టుకుని కొనసాగింపు తీయడం అరుదు. సైన్స్ ఫిక్షన్ వాళ్లకే ఈ పిచ్చి ఎక్కువ. ప్రేమకథలో నాయికానాయకులు కలిస్తే కథ కంచికి వెళ్తుంది, మనం ఇంటికి వెళ్తాం. సైన్స్ ఫిక్షన్‌లో కథ కంచికి వెళ్లినా ఊరు మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఆ నౌకలు, ఆ యూనిఫాంలు, ఆ గ్రహాంతర భాషలు, మాట వరసకు ఒకరు ప్రస్తావించి వదిలేసిన ఏదో పాత యుద్ధం, అన్నీ అలాగే ఉంటాయి. వంద గ్రహాలున్నాయని చెప్పి మూడే చూపిస్తే, మిగిలిన తొంభై ఏడూ చూసేవాడి బుర్రలో తిరుగుతూనే ఉంటాయి.

ఇంకో కారణం చెబితే నవ్వొస్తుంది గానీ నిజం: హెల్మెట్. ఔత్సాహికుల సినిమాలో మొదట బయటపడేది నటన. ముఖం కప్పేసే హెల్మెట్ పెట్టుకున్న సైనికుడికి నటన రాకపోయినా గండం గడుస్తుంది.

ఆకలి సంగతి కూడా చూడాలి. అసలు సీరీస్ నడుస్తున్నప్పటి కంటే ఆగిపోయినప్పుడే అభిమానుల కెమెరాలు ఎక్కువగా తిరిగాయి. బ్రిటన్‌లో ‘డాక్టర్ హూ’ 1989లో ఆగి, మధ్యలో 1996లో ఒక టీవీ సినిమాగా మెరిసి, మళ్లీ 2005లో గానీ సీరీస్‌గా రాలేదు. ఆ ఖాళీలోనే అభిమానుల వీడియో చిత్రాలు వరసగా పుట్టాయి. ‘స్టార్ ట్రెక్’ టీవీలో 2005లో ఆగి 2017లో తిరిగొచ్చింది. పెద్ద పేరు తెచ్చుకున్న ట్రెక్ అభిమాన చిత్రాల్లో ఎక్కువ భాగం ఆ పన్నెండేళ్ల కరువు కాలపు పంటే.

ఇక చేసేవాళ్లకు కలిగే ఆనందం. బయటి నుంచి చూస్తే ఇది అర్థం కాదు, పని దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది. ‘స్టార్ వార్స్’లోని లైట్‌సేబర్ (వెలుగు కత్తి) పోరాటాన్నే తీసుకుందాం. చిత్రీకరణలో ఇద్దరి చేతుల్లోనూ ఉండేది మామూలు కర్రో గొట్టమో. దాని మీద వెలుగును తర్వాత ఫ్రేము ఫ్రేముకీ గీసుకోవాలి. దీన్నే రోటోస్కోపింగ్ అంటారు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఐదు నిమిషాల పోరాటానికి 7,200 ఫ్రేములు. కత్తులు రెండు కాబట్టి, రెండూ ఎప్పుడూ తెర మీదే ఉంటే, 14,400 సార్లు గీత సరిచూసుకోవాలి. కొంత పని సాఫ్ట్‌వేరే పంచుకుంటుంది, అయినా కత్తి వేగంగా తిరిగిన చోట వెలుగు చెదరాలి, ఒక కత్తి ఇంకోదాని వెనక్కి వెళ్లిన చోట తెగాలి, ఆ రంగు ముఖాల మీద పడాలి. వీటిలో ఒక్కటి తప్పినా కంటికి కర్రే కనిపిస్తుంది. 2003లో వచ్చిన ‘రయాన్ వర్సెస్ డోర్క్‌మ్యాన్’లో కథంటూ ఏమీ లేదు. ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకుంటారు, అంతే. అది చూసి నేర్చుకున్నవాళ్లు మాత్రం లెక్కలేనంతమంది.

శబ్దం సంగతి ఇంకా బాగుంటుంది. అసలు సినిమాలో ఆ కత్తి గుంయ్‌మనే మోతను సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ ఎలా చేశాడో అభిమానులందరికీ కంఠతా వచ్చు. పాత సినిమా ప్రొజెక్టర్ మోటారు రొదకు, టీవీ పిక్చర్ ట్యూబు దగ్గర చెడిపోయిన మైకు తీగ పట్టుకున్న బరబర చప్పుడును కలిపాడు. ఆ కలిపిన మోతను స్పీకర్లో వినిపిస్తూ, దాని ముందు ఇంకో మైకును అటూ ఇటూ విసిరి మళ్లీ రికార్డు చేశాడు. మైకు దగ్గరికొస్తే స్వరం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది, కత్తి తిప్పినట్టే ఉంటుంది. స్కూల్లో డాప్లర్ ప్రభావం అని చదివి మరిచిపోయిందే ఇది. ఓ స్పీకరు, ఓ మైకు ఉన్న ఎవరైనా ఇంట్లో చేసి చూడొచ్చు. ఇలా ఒక్కసారి చేసి చూసినవాడు ఆ తర్వాత ఏ సినిమానూ వెనకటిలా చూడలేడు. చాలామంది ఫ్యాన్ ఫిల్మ్‌కారులకు దక్కే అసలు కూలి ఇదే.

పరికరాలు లేని రోజుల్లోనూ ఈ కూలికి ఆశపడినవాళ్లున్నారు. డాన్ గ్లట్ అనే అమెరికన్ కుర్రవాడు 1953 నుంచి 1969 దాకా 41 ఔత్సాహిక చిత్రాలు తీశాడు. రాక్షసులు, డైనోసార్లు, సూపర్ హీరోలు, కనిపించినదల్లా. అతనే పెద్దయ్యాక రెండో ‘స్టార్ వార్స్’ సినిమాకు నవలా రూపం రాశాడు. కొడాక్ సూపర్ 8 కెమెరా ఫిలిం 1965లో వచ్చాక ఇలాంటివాళ్లు పెరిగారు. ఒక క్యాట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిలిం ఉండేది. సెకనుకు 18 ఫ్రేములు చొప్పున తీస్తే మూడు నిమిషాల ఇరవై సెకన్లకు అయిపోయేది. కాబట్టి ఏ షాటు తీయాలో ముందే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పటి మెమరీ కార్డుల పుణ్యమా అని ఆ క్రమశిక్షణ పోయింది, నలభై నిమిషాల ఫ్యాన్ ఫిల్మ్‌ల బెడద వచ్చిపడింది.

జపాన్‌లో 1981 నాటి ఉదంతం అన్నింటికంటే ముచ్చటైనది. ఒసాకాలో జరగబోతున్న సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ప్రారంభ చిత్రంగా కొందరు విద్యార్థులు చిన్న యానిమేషన్ చేయాలనుకున్నారు. సమావేశం పేరు డైకాన్, ఆ భాషలో ముల్లంగికి కూడా అదే మాట. కథ కూడా ముల్లంగిదే: ఓ చిన్నపిల్ల గ్లాసెడు నీళ్లు పట్టుకుని బయల్దేరుతుంది, దారిలో అభిమానులందరికీ తెలిసిన రాక్షసులనూ రోబోలనూ ఎదుర్కొంటుంది, చివరికి వాడిపోయిన ముల్లంగికి ఆ నీళ్లు పోస్తే అది అంతరిక్ష నౌక అవుతుంది. యానిమేషన్‌కు వాడే పారదర్శకపు సెల్ షీట్లు కొనే స్తోమత వాళ్లకు లేదు. ఒక్కటంటే ఒక్క షీటు కొని, దాన్ని ప్లాస్టిక్ తయారుచేసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లి, అలాంటిదే చవక వినైల్ చుట్ట సంపాదించారు. కూర్చుని ముక్కలుగా కోసుకున్నారు. బొమ్మలు వేసి, ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. పేర్చాక తెలిసింది, షీట్లు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయని, విడదీస్తే రంగు పెచ్చులుగా ఊడొస్తోందని. ఆ తంటాలన్నీ పడి 8 ఎంఎం ఫిలిం మీద పూర్తిచేశారు. ఆ కుర్రాళ్లలో హిదెయాకి అన్నో ఒకడు. అతని దగ్గరికి మళ్లీ వద్దాం.

శ్రమ ఎంత గొప్పదైనా చూసేవాడికి దానితో పని లేదు. అతనికి కావలసింది తెర మీద కొత్తగా ఏదైనా. ఇక్కడ నిలబడిన ఫ్యాన్ ఫిల్మ్‌లను వరసగా పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. అవి అసలు కథ వెలుగు పడని మూలకు వెళ్లాయి. కావ్యం పద్నాలుగేళ్లపాటు ఇంట్లో వదిలేసిన ఊర్మిళ మీద పాటలు కట్టినవాళ్లు చేసిందీ ఇదే.

1997లో కెవిన్ రూబియో తీసిన ‘ట్రూప్స్’ పది నిమిషాల చిత్రం. ‘స్టార్ వార్స్’లో తెల్లకవచాల సైనికులు గురి తప్పి కాల్చడానికీ, గుంపుగా చావడానికీ తప్ప ఎందుకూ పనికిరారు. రూబియో వాళ్లను పోలీసుల వెంట కెమెరా తిరిగే అమెరికన్ టీవీ కార్యక్రమం పద్ధతిలో చూపించాడు. ఎడారి గ్రహంలో గస్తీ, దొంగ సరుకు మీద ఫిర్యాదు, ఓ ఇంట్లో మొగుడూ పెళ్లాల గొడవ. వాళ్లు కెమెరా వైపు తిరిగి ‘మా ఊరు, మా డ్యూటీ’ అన్న ధోరణిలో మాట్లాడుతుంటారు. నవ్వుకుంటూ చూస్తుండగానే తెలుస్తుంది, ఆ గొడవ పడుతున్న దంపతులు హీరోని పెంచిన బాబాయి, పిన్ని అని. అసలు సినిమాలో వాళ్లిద్దరినీ ఆ సైనికులే చంపి తగలబెడతారు. హీరో ఇంటికొచ్చేసరికి కనిపించే ఆ బూడిదకు రూబియో వేరే కారణం అల్లాడన్నమాట. సామ్రాజ్యపు సైనికుడు తన కథ తాను చెప్పుకుంటే నేరం ఎలా మాయమవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పిన ‘స్టార్ వార్స్’ సినిమా అప్పటికి లేదు.

‘స్టార్ ట్రెక్’లో హికారు సులు నౌక నడుపుతాడు. 1966 నుంచి 1969 దాకా మూడు సీజన్లలో అతను ఎక్కువగా చేసింది ఆజ్ఞ అందుకుని మీటలు నొక్కడమే. న్యూయార్క్ రాష్ట్రంలోని టికాండెరోగాలో జేమ్స్ కాలీ అనే అభిమాని అసలు బ్లూప్రింట్ల ఆధారంగా ఆ నౌక సెట్లు కట్టించి, 2004 నుంచి ‘న్యూ వాయేజెస్’ పేరుతో ఎపిసోడ్లు తీశాడు. కాలీ వృత్తి వేరే, వేదికల మీద ఎల్విస్ ప్రెస్లీ వేషం కట్టి పాడటం. 2007 నాటి ‘వరల్డ్ ఇనఫ్ అండ్ టైమ్’లో సులు ఇంకో లోకంలో చిక్కుకుని, ముప్పై ఏళ్లు గడిపి, కూతురితో తిరిగొస్తాడు. ఇక్కడ గడిచింది మాత్రం కొద్ది క్షణాలే. ఆ వయసు మళ్లిన సులుగా నటించింది అసలు సులు జార్జ్ టకేనే. సీరీస్‌లో మీటలు నొక్కిన పాత్రకు ఒక జీవితం, ఒక దుఃఖం అభిమానుల చేతుల మీదుగా దక్కాయి. 2008లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డుకు ఇది టీవీ సీరియళ్లతో సమానంగా నామినేట్ అయింది. బహుమతి ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్‌కి వెళ్లింది, అది వేరే సంగతి.

అదే బృందం తీసిన ‘బ్లడ్ అండ్ ఫైర్’ చరిత్ర ఇంకా ఆలోచింపజేస్తుంది. డేవిడ్ జెరాల్డ్ దాన్ని 1987 ప్రాంతంలో అధికారిక సీరీస్ కోసమే రాశాడు. అందులో ఒక స్వలింగ జంట, ఎయిడ్స్ భయాన్ని తలపించే ఒక వ్యాధి ఉన్నాయి. స్క్రిప్టు అటకెక్కింది. రెండు దశాబ్దాల తర్వాత అభిమానుల సెట్లో జెరాల్డే దర్శకుడై దాన్ని రెండు భాగాలుగా తీశాడు. మరోపక్క 2000 నుంచి 2007 దాకా గ్రీన్ స్క్రీన్ ముందు యాభై ఎపిసోడ్లు నడిచిన ‘హిడెన్ ఫ్రాంటియర్’ అనే అభిమాన సీరీస్ కూడా అలాంటి పాత్రలను మామూలు మనుషులుగానే చూపించింది. అధికారిక ట్రెక్ టీవీ సీరీస్‌లో స్వలింగ జంట ముఖ్యపాత్రలుగా వచ్చింది 2017లో. నటన పేలవంగా, గ్రీన్ స్క్రీన్ అంచులు కొట్టొచ్చినట్టుగా ఉన్నవాళ్లు పదేళ్లు ముందు నడిచారు.

బ్రిటన్‌లో ఈ మూల వెతుక్కునే పని చట్టమే చేసిపెట్టింది. ‘డాక్టర్ హూ’లో హీరో హక్కులు బీబీసీవి. కానీ బయటి రచయితలు సృష్టించిన రాక్షసులు, పక్కపాత్రల హక్కులు చాలావరకు ఆ రచయితల దగ్గరే ఉండిపోయాయి. అభిమానులు వాళ్ల అనుమతి తెచ్చుకుని హీరో లేకుండానే వీడియో సినిమాలు తీశారు. 1995 నాటి ‘డౌన్‌టైమ్’లో, సీరీస్‌లోని పాత సైనికాధికారి బ్రిగేడియర్‌కు కేట్ అనే కూతురు ఉన్నట్టు రచయిత మార్క్ ప్లాట్ కల్పించాడు. పదిహేడేళ్లకు, 2012లో, ఆ కేట్ అధికారిక సీరీస్‌లో అడుగుపెట్టి అక్కడే స్థిరపడిపోయింది. హీరోని వాడుకునే వీలుంటే ఈ కూతురు పుట్టేదే కాదేమో.

ఇవన్నీ చెప్పి ఫ్యాన్ ఫిల్మ్‌లన్నీ ఇలాగే ఉంటాయనుకుంటే పొరపాటు. పదింటిలో ఎనిమిది భరించలేం. దృశ్యం ఎలా ఉన్నా సర్దుకుంటాం గానీ, కెమెరాకే ఉన్న మైకుతో గది ప్రతిధ్వనితో సహా రికార్డు చేసిన సంభాషణను రెండు నిమిషాలు మించి వినలేం. అంతకంటే పెద్ద జబ్బు భక్తి. అసలు సినిమాలోని డైలాగును ఒకడు అంటాడు, ఇంకొకడు దానికి తెలిసిన జవాబే చెబుతాడు, ఇద్దరూ గురుతులు పట్టుకున్నందుకు మురిసిపోతారు. ఉడతాభక్తి ముచ్చటే, కానీ వారధికి ఒక రాయైనా చేరాలి కదా.

వేరే రకం ప్రేరణ కూడా ఉంది, దాన్ని దాచుకోవాల్సిన పని లేదు: ఉద్యోగం. డాన్ ట్రాక్టెన్‌బర్గ్ 2011లో ఒక వీడియో గేమ్ ఆధారంగా ‘పోర్టల్: నో ఎస్కేప్’ అనే ఏడు నిమిషాల చిత్రం తీశాడు. 2016లో ‘10 క్లోవర్‌ఫీల్డ్ లేన్’కు, 2022లో ‘ప్రే’కు దర్శకుడయ్యాడు. ఫిన్లాండ్‌లో ఓ బృందం ఏడేళ్లపాటు, ఎక్కువగా రెండు గదుల ఫ్లాట్‌లోనే చిన్న బ్లూ స్క్రీన్ పెట్టుకుని, 2005లో ‘స్టార్ రెక్: ఇన్ ద పిర్కినింగ్’ను ఉచితంగా డౌన్‌లోడ్‌కు పెట్టింది. ఆ పేరుతోనే తర్వాత ‘ఐరన్ స్కై’ అనే సొంత సినిమాకు పెట్టుబడి తెచ్చుకుంది. కొత్త కథకు ఎవరూ తలుపు తీయరు, తెలిసిన లోకం పేరు చెబితే కిటికీ అయినా తెరుస్తారు. తప్పేముంది?

తప్పు, లేదా తప్పుగా లెక్కకొచ్చేది, డబ్బు దగ్గర మొదలవుతుంది. 2014లో ‘ప్రిల్యూడ్ టు ఆక్సనార్’ అనే 21 నిమిషాల ట్రెక్ చిత్రం వచ్చింది. నటులు వృత్తి నటులు, పనితనం టీవీ స్థాయిది. దాన్ని చూపి పూర్తి నిడివి సినిమాకు క్రౌడ్ ఫండింగ్‌లో సేకరించింది పది లక్షల డాలర్లు దాటింది. 2015 నవంబర్‌లో కొత్త ట్రెక్ సీరీస్ ప్రకటన వెలువడింది. డిసెంబర్ చివర్లో ట్రెక్ హక్కులున్న పారామౌంట్, సీబీఎస్ దావా వేశాయి. కరువులో ఊరుకున్నవాళ్లు సొంత పంట వేసుకునే వేళకు కంచె గుర్తుచేసుకున్నారని అభిమానులు అనుకుంటే ఆశ్చర్యం లేదు. అయితే ఆ డబ్బుతో స్టూడియో ఏర్పాటు చేసుకున్నాక ‘మేం ఉత్త అభిమానులం’ అనే వాదన కూడా నిలబడేది కాదు. ఇది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే కొంతమేరకు వాడుకోనిచ్చే చట్టపు మినహాయింపు) కిందకు రాదని 2017 జనవరిలో న్యాయమూర్తి తేల్చాక కేసు రాజీతో ముగిసింది. మధ్యలో ఒక విడ్డూరం: ట్రెక్‌లోని గ్రహాంతరవాసులు మాట్లాడే క్లింగాన్ భాష మీద కూడా ఆ కంపెనీలు హక్కు కోరడంతో, భాష ఎవరి సొత్తూ కాదంటూ కృత్రిమ భాషలవాళ్ల సంఘం ఒకటి కోర్టుకు అభిప్రాయం సమర్పించింది, నడుమ నడుమ క్లింగాన్‌లోనే రాసి.

దావా నడుస్తుండగానే, 2016 జూన్‌లో, ట్రెక్ అభిమాన చిత్రాలకు నియమావళి వచ్చింది. ఒక కథ 15 నిమిషాలు మించకూడదు, రెండు భాగాలైతే మొత్తం 30. విరాళాలు 50,000 డాలర్ల లోపు. పేరులో ‘స్టార్ ట్రెక్’ ఉండకూడదు. ఎవరికీ జీతం లేదు. ఇంతకుముందు ఏ ట్రెక్ సీరీస్‌కో సినిమాకో పనిచేసినవాళ్లు ఉండకూడదు. అభిమానులు ఎక్కువగా మండిపడింది 15 నిమిషాల మీద. నిజానికి అది మేలే చేసింది, చాలా ఫ్యాన్ ఫిల్మ్‌లకు పదిహేను నిమిషాలే ఎక్కువ. దెబ్బ కొట్టింది ఆఖరి నియమం. దాని ప్రకారం టకే మళ్లీ సులు కాలేడు, జెరాల్డ్ తన అటకెక్కిన స్క్రిప్టు తీయలేడు. కాలీ సెట్లు మాత్రం అదే ఏడాది లైసెన్సుతో సందర్శకులు టికెట్ కొని చూసే ప్రదర్శనశాలగా మారాయి.

లూకాస్ కంపెనీ వేరే దారిలో వెళ్లింది. 2002 నుంచి తానే ఫ్యాన్ ఫిల్మ్ పోటీ పెట్టింది, కానీ 2007 దాకా పేరడీలకూ డాక్యుమెంటరీలకూ మాత్రమే చోటు. వెక్కిరించొచ్చు గానీ కథ పొడిగించకూడదన్నమాట. అమెరికా చట్టంలోనూ పేరడీకి కాస్త నీడ ఎక్కువ. ఆ తరం ‘స్టార్ వార్స్’ ఫ్యాన్ ఫిల్మ్‌ల్లో అంత హాస్యం ఉండటానికి అభిమానుల స్వభావంతోపాటు ఈ నిబంధన కూడా కారణమే.

ముల్లంగి బృందం సంగతి మిగిలిపోయింది. 1983లో అదే కుర్రాళ్లు ‘అల్ట్రామన్’ మీద తమ సొంత చిత్రం తీశారు. భవనాలంత ఎత్తు వెండి యోధుడు రాక్షసులతో పోరాడే టీవీ సీరీస్ అది. దర్శకుడు అన్నో. యోధుడి వేషం కూడా అతనే కట్టాడు. ముసుగు లేదు, పైన రంగు వేసిన విండ్‌చీటర్, ఆ పైన తన సొంత ముఖం. నమూనా నగరంలో ఆ మనిషి నిలబడగానే నవ్వొస్తుంది. రెండు నిమిషాలకు షాట్ల కూర్పు, రాక్షసుడి బరువు, అలారం మోతలు పట్టు బిగించి ఆ ముఖం సంగతే మరిచిపోయేలా చేస్తాయి. 2022లో ‘షిన్ అల్ట్రామన్’ వచ్చింది. ఈసారి హక్కులున్న సంస్థ నుంచే, పెద్ద తెర మీద. స్క్రీన్‌ప్లే అన్నోది. కంప్యూటర్ గ్రాఫిక్స్ యోధుడికి ఒంటి కదలికలు ఇచ్చినవాళ్ల పేర్లు టైటిల్స్‌లో రెండు ఉంటాయి. ఒకటి 1966లో అసలు సూటు వేసుకున్న బిన్ ఫురుయాది. రెండోది హిదెయాకి అన్నోది.